మలుపులో వేలాడే వస్తువుకు ఎన్ని బాణాలు?
ఇంటర్మీడియట్ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తక రచయితలకు, ప్రశ్నపత్రాల రూపకర్తలకు, జవాబుపత్రాలు దిద్దే అధ్యాపకులకు బహిరంగ లేఖ



బలాల పటం గీయకపోయినా, సూత్రం తప్పులేకుండా రాసి సరైన అంకె తేల్చిన విద్యార్థికి లెక్క వచ్చినట్టేనన్న భావన భౌతికశాస్త్ర బోధనలో వేళ్లూనుకుంది. పటం పరీక్షలో సమయం తినేస్తుందని, బిట్ల పరీక్షలో దానికి చోటే లేదని, వాల్యుయేషన్‌లో దాన్ని నిదానంగా చూసే తీరిక ఎవరికీ ఉండదని చెప్పే మాటలు తరగతి గదిలో మొదలై ప్రశ్నపత్రం దాకా పాకాయి. ఈ భావన అంగీకరించదగినది కాదు. గతిశాస్త్రపు లెక్కలో భౌతికశాస్త్రమంతా పటంలోనే ఉంటుంది. పటం పూర్తయ్యాక మిగిలేది త్రికోణమితి, గుణకారం, భాగహారం మాత్రమే. ఆ మిగిలిన భాగానికి మార్కులిచ్చి, అసలు భాగాన్ని అడగకుండా వదిలేస్తే భౌతికశాస్త్ర పరీక్ష దేన్ని పరీక్షిస్తున్నట్టు?

ఈ సంగతి తేల్చడానికి మీకందరికీ చిరపరిచితమైన ఒక్క ప్రశ్న చాలు. సమతలమైన రోడ్డుపై స్థిరమైన వడితో మలుపు తిరుగుతున్న బస్సులో, పైకప్పుకు కట్టిన దారానికి ఒక చిన్న వస్తువు వేలాడుతోంది. దారం నిట్టనిలువు గీతతో కొంత కోణం చేస్తూ మలుపు వెలుపలి వైపుకు ఒరిగి నిలిచింది. ఆ వస్తువుపై పనిచేసే బలాలను చూపుతూ పటం గీయాలి. వాహనంలోని మిగతా సామగ్రినంతా పక్కనపెట్టి, ఎంచుకున్న ఒక్క వస్తువును మాత్రమే చుక్కగా గుర్తించి, దానిపై ఇతర వస్తువులు ప్రయోగించే బలాలను మాత్రమే బాణాలుగా చూపే పటాన్ని స్వేచ్ఛా వస్తు పటం అంటారు. ఎన్ని బాణాలు గీయాలన్న ఈ చిన్న ప్రశ్నకు రెండని, మూడని, నాలుగని వేర్వేరు జవాబులు వస్తాయి. కోణం ఎంతని అడిగితే మాత్రం అందరూ ఒకే సూత్రం రాస్తారు: కోణపు టాంజెంట్ విలువ, వేగ వర్గాన్ని వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగిస్తే వచ్చే విలువకు సమానం. పటాలు ఇన్ని రకాలుగా ఉన్నా సూత్రం ఒకటే అయిందంటే, ఆ సూత్రం పటం నుంచి రాలేదని, కంఠస్థం నుంచి వచ్చిందని వేరే చెప్పాలా?

సరైన పటాన్ని క్రమంగా నిర్మిస్తే పొరపాటు ఎక్కడ చొరబడుతుందో తెలుస్తుంది. కాగితం మీద వస్తువును ఒక చుక్కగా పెట్టాలి. బస్సు ఎడమకు తిరుగుతోందనుకుంటే మలుపు కేంద్రం ఎడమ వైపున ఉంటుంది, వస్తువు కుడికి ఒరుగుతుంది, అందువల్ల చుక్క నుంచి దారం ఎడమ పైమూలకు సాగుతుంది. ఇప్పుడు ఆ చుక్కను ఏయే వస్తువులు లాగుతున్నాయి లేదా నెడుతున్నాయి అని అడగాలి. భూమి లాగుతోంది కనుక నిట్టనిలువుగా కిందికి ఒక బాణం గీయాలి, అది భారం. దారం లాగుతోంది కనుక దారం వెంటే పైకి, ఎడమకు ఏటవాలుగా మరో బాణం గీయాలి. అది తన్యత, అంటే బిగిసిన దారం తనకు కట్టిన వస్తువును తన దిశలో లాగే బలం. గాలి ప్రభావాన్ని ఉపేక్షిస్తే వస్తువును తాకుతున్నది మరేదీ లేదు. కాబట్టి రోడ్డు పక్కన నిలబడి చూసే పరిశీలకుడి పటంలో బాణాలు రెండే, మూడవదానికి అక్కడ చోటు లేదు.

ఈ రెండు బాణాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు, చేసుకోకూడదు కూడా. తన్యతను నిలువు, అడ్డ దిశల్లో అంశాలుగా విడగొడితే నిలువు అంశం భారాన్ని మోస్తుంది, అడ్డంగా ఉన్న అంశం మలుపు కేంద్రం వైపు మిగిలిపోతుంది. వృత్తంపై తిరిగే వస్తువు వడి మారకపోయినా దిశ ప్రతి క్షణం మారుతూ ఉంటుంది కనుక దానికి కేంద్రం వైపు త్వరణం ఉంటుంది. ఆ త్వరణానికి కావలసిన నికర బలాన్నే అభికేంద్ర బలం అంటారు. ఈ ఉదాహరణలో ఆ పనిని తన్యతలోని అడ్డ అంశమే చేస్తోంది. అంటే అభికేంద్ర బలం అన్నది భారం, తన్యతల సరసన చేరే మూడో బలం కాదు, ఉన్న బలాల మొత్తం నిర్వహించే పాత్ర. పాత్రకు విడిగా బాణం గీస్తే, పద్దుల పుస్తకంలో ఒకే సొమ్మును రెండుసార్లు జమ రాసినట్టే అవుతుంది.

బస్సులో కూర్చున్న ప్రయాణికుడి దృష్టితోనూ ఇదే సమస్యను న్యాయంగా పరిష్కరించవచ్చు. బలాలను, చలనాలను కొలవడానికి ఆధారంగా తీసుకునే నేపథ్యాన్ని నిర్దేశ చట్రం అంటారు; న్యూటన్ నియమాలు ఉన్నవి ఉన్నట్టుగా వర్తించే చట్రం జడత్వ చట్రం, తానే త్వరణంతో కదిలే చట్రం అజడత్వ చట్రం. మలుపు తిరిగే బస్సు రెండో కోవకు చెందుతుంది. ఆ చట్రంలో వస్తువు కదలకుండా ఒరిగి ఉంది కనుక బలాల మొత్తం సున్నా కావాలి. అందుకోసం కేంద్రానికి వ్యతిరేక దిశలో ఒక మిథ్యా బలాన్ని, అంటే ఏ వస్తువూ ప్రయోగించకపోయినా చట్రం త్వరణాన్ని లెక్కలోకి తెచ్చుకోవడానికి చేర్చుకునే పదాన్ని, మూడో బాణంగా గీయాలి. వాడుకలో అపకేంద్ర బలం అనేది దీన్నే. భారం, తన్యత, అపకేంద్ర బలం అనే మూడు బాణాలను వరుసగా ఒకదాని కొసకు మరొకదాని మొదలు కలిపితే మూసుకున్న త్రిభుజం ఏర్పడుతుంది. నేల మీది పటమూ సరైనదే, బస్సులోని పటమూ సరైనదే. కాని పటం ఏ చట్రానికి చెందిందో పైన రాయకపోతే రెండూ అసంపూర్ణాలే. ఆ ఒక్క వాక్యం రాయమని మీరు ఎన్ని ప్రశ్నల్లో అడిగారు?

అడగకపోవడం వల్ల జరిగే నష్టాన్ని అంకెల్లో చూపవచ్చు. బస్సు వడి గంటకు 36 కిలోమీటర్లు, అంటే సెకనుకు 10 మీటర్లు. మలుపు వ్యాసార్థం 50 మీటర్లు. వస్తువు ద్రవ్యరాశి 100 గ్రాములు అనుకుందాం. కేంద్రం వైపు త్వరణం సెకను వర్గానికి 2 మీటర్లు, దానికి కావలసిన అడ్డ బలం 0.2 న్యూటన్లు, భారం 0.98 న్యూటన్లు. ఈ రెండింటి నిష్పత్తి 0.204 కనుక దారం సుమారు 11.5 డిగ్రీలు ఒరుగుతుంది, తన్యత 1 న్యూటన్‌కు అతి చేరువలో ఉంటుంది. ద్రవ్యరాశి రెండు వైపులా కొట్టుకుపోతుంది కనుక 100 గ్రాముల బదులు కిలో వస్తువు కట్టినా కోణం మారదు. మారేవి బలాల పరిమాణాలు మాత్రమే.

ఇప్పుడు విద్యార్థి నేల చట్రంలో నిలబడే అపకేంద్ర బలాన్ని కూడా గీశాడనుకుందాం. పటంలో బయటికి ఒక బాణం ఉంది, సమీకరణంలో లోపలికి త్వరణం కూడా ఉంది. తన్యత అడ్డ అంశం ఈ రెండింటినీ భరించవలసి వస్తుంది కనుక నిష్పత్తి 0.408 అవుతుంది, కోణం 22 డిగ్రీలు దాటుతుంది. మరో విద్యార్థి అభికేంద్ర బలాన్ని విడి బలంగా భావించి లోపలికి మూడో బాణం గీశాడనుకుందాం. కావలసిన త్వరణమంతా ఆ బాణమే ఇచ్చేస్తుంది కనుక తన్యతకు అడ్డ అంశం సున్నా కావాలి. అంటే మలుపులో దారం అసలు ఒరగదని ఆ పటం చెబుతోంది! కళ్లెదుట ఒరిగిన దారాన్ని గీసి, ఆ పక్కనే అది ఒరగదని చెప్పే బాణాలను గీసిన జవాబుకు సూత్రం సరిగ్గా ఉందని పూర్తి మార్కులు వేయడం న్యాయమేనా?

అన్నింటికన్నా ప్రమాదకరమైనది నాలుగు బాణాల పటం. అందులో భారం, తన్యతలతో పాటు లోపలికి అభికేంద్ర బలం, బయటికి అపకేంద్ర బలం సమానంగా కనిపిస్తాయి. అవి చర్య, ప్రతిచర్యలని విద్యార్థి పక్కన వివరణ రాస్తాడు. న్యూటన్ మూడో నియమం చెప్పే చర్య, ప్రతిచర్యలు ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువులపై పనిచేస్తాయి కనుక, ఒకే వస్తువుపై గీసిన రెండు బాణాలు ఆ జంట కాలేవు. వస్తువును దారం లాగితే, దానికి ప్రతిచర్యగా దారాన్ని వస్తువు లాగుతుంది. అది దారం పటంలో చేరవలసిన బలం. అయినా ఈ తప్పుడు పటంలో లోపలి బాణం, బయటి బాణం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన తన్యత అడ్డ అంశాన్ని ద్రవ్యరాశి, త్వరణాల లబ్ధానికి సమానం చేస్తే సరైన జవాబు వచ్చి కూర్చుంటుంది. రెండు అపోహలు కలిసి ఒక సరైన అంకెను ఇచ్చిన చోట, అంకెను మాత్రమే చూసే వాల్యుయేషన్‌కు ఆ అపోహలు ఎలా కనబడతాయి? కనబడని తప్పును దిద్దేది ఎవరు?

ఇటువంటి తడబాటుకు విద్యార్థులను నిందించడం తగదు, ఎందుకంటే శాస్త్రచరిత్రలోనే ఈ తడబాటు ఉంది. క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో వృత్త చలనాన్ని విశ్లేషించినప్పుడు, దారానికి కట్టి తిప్పే వస్తువు బయటికి పోజూసే ప్రయత్నంగానే దాన్ని చూశాడు. అపకేంద్ర బలం అన్న భావన ఆయన చేతుల్లోనే రూపుదిద్దుకుంది, దానిపై ఆయన రాసిన గ్రంథం మరణానంతరం 1703లో వెలువడింది. న్యూటన్ సైతం తొలి సంవత్సరాల్లో అదే కోణం నుంచి ఆలోచించి, 1679లో రాబర్ట్ హుక్‌తో జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాల తరవాతనే దృష్టిని బయటి నుంచి లోపలికి తిప్పుకొని, 1687 నాటి ప్రిన్సిపియాలో అభికేంద్ర బలాన్ని కేంద్ర భావనగా నిలిపాడు. అంతటి మేధావులకు ఏళ్లు పట్టిన మార్పును పదహారేళ్ల పిల్లలు ఒక సూత్రం బట్టీపట్టి సాధిస్తారని ఆశించడం ఎంతవరకు సమంజసం? ఆ మార్పు విద్యార్థిలో జరిగిందో లేదో చూపించే సాధనం పటం ఒక్కటే అయినప్పుడు, దాన్నే పరీక్ష నుంచి తప్పించడం ఏ బోధనా సూత్రానికి లోబడుతుంది?

సూత్రంతో లెక్క చేయగలగడం, బలాలను అర్థం చేసుకోవడం ఒకటి కావన్నది కొత్త సంగతి కాదు. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనీస్, ఆయన సహచరులు బలం అనే భావనపై లెక్కలేవీ లేకుండా కేవలం అవగాహనను పరీక్షించే ప్రశ్నావళిని ప్రచురించారు; సాధారణ పరీక్షల్లో లెక్కలు చక్కగా చేసే విద్యార్థులు కూడా వస్తువుపై ఏయే బలాలు పనిచేస్తున్నాయని సూటిగా అడిగినప్పుడు తడబడతారని దాని ద్వారా తేటతెల్లమైంది. మీ విద్యార్థుల చేతుల్లో నలిగే హెచ్.సి. వర్మ 'కాన్సెప్ట్స్ ఆఫ్ ఫిజిక్స్' కూడా అపకేంద్ర బలాన్ని ఎక్కడపడితే అక్కడ చేర్చడం ప్రారంభకుల సాధారణ అపోహ అని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. హెచ్చరిక పుస్తకంలో ఉండి, దాన్ని పాటించారో లేదో చూసే ప్రశ్న పరీక్షలో లేకపోతే, విద్యార్థి ఆ పేజీని ఎందుకు చదువుతాడు?

సూత్రం ఎక్కడ చేతులెత్తేస్తుందో, పటం ఎక్కడ దారి చూపుతుందో తెలిపే సందర్భాలు ఈ ఒక్క బస్సులోనే ఎన్నో ఉన్నాయి. మలుపు మొదలైన క్షణంలో దారం నిలువుగానే ఉంటుంది, అడ్డ బలం ఏదీ ఉండదు, వస్తువు తిన్నగా ముందుకే సాగుతుంది. పక్కకు తిరిగింది పైకప్పు. పైకప్పు పక్కకు జరిగిన కొద్దీ దారం ఏటవాలుగా మారి, తన్యతకు అడ్డ అంశం పుట్టి, అప్పుడు వస్తువును లోపలికి తిప్పడం మొదలవుతుంది. వస్తువును ఎవరూ బయటికి నెట్టలేదన్న నిజం ఈ తొలి క్షణపు పటంలో ఉన్నంత స్పష్టంగా మరెక్కడా ఉండదు. మలుపు హఠాత్తుగా మొదలైతే వస్తువు 11.5 డిగ్రీల దగ్గర వెంటనే ఆగదు. దాన్ని దాటి దాదాపు రెట్టింపు కోణం వరకు ఊగి వెనక్కి వస్తూ, ఊపు చల్లారాక మాత్రమే అక్కడ స్థిరపడుతుంది. కంఠస్థ సూత్రం చెప్పేది ఆ చివరి స్థితిని గురించి మాత్రమేనని విద్యార్థికి ఎప్పుడైనా చెబుతున్నారా?

అదే బస్సులో, కిటికీలు మూసి ఉన్నప్పుడు, సీటుకు కట్టిన గ్యాస్ బెలూన్ ఎటు ఒరుగుతుందని అడిగితే సూత్రం బట్టీపట్టిన విద్యార్థి వెలుపలికి అంటాడు. నిజానికి బెలూన్ మలుపు లోపలి వైపుకు, కేంద్రం వైపుకు ఒరుగుతుంది. బస్సులోని గాలి కూడా వస్తువే, దాన్ని కూడా లోపలికి తిప్పాలి. అందుకు వెలుపలి గోడ వైపు పీడనం కొద్దిగా ఎక్కువగా, లోపలి గోడ వైపు కొద్దిగా తక్కువగా ఏర్పడుతుంది. ఆ తేడా వల్ల చుట్టూ ఉన్న గాలి బెలూన్‌ను పైకే కాక లోపలికి కూడా నెడుతుంది. గాలికన్నా తేలికైన బెలూన్‌కు ఆ నెట్టుడు అవసరానికి మించి ఉంటుంది కనుక, దారం దాన్ని వెనక్కి పట్టి ఉంచే దాకా అది లోపలికి జరుగుతుంది. గాలి నెట్టే బలం, దారం లాగే తన్యత, భూమి లాగే భారం అనే మూడు బాణాలను ఓపికగా గీసినవాడికి మాత్రమే ఈ జవాబు దక్కుతుంది. బలాన్ని ప్రయోగించేది ఎవరన్న ప్రశ్న అలవాటైన మనసుకు ఇది కష్టం కాదు. ఆ అలవాటు లేనివాడికి ఎన్ని సూత్రాలిచ్చినా తేలదు.

ఈ విషయంలో ప్రజలకు ఉన్న వాటా పరీక్ష మార్కులకు పరిమితమైనది కాదు. తిరుమల, శ్రీశైలం, మారేడుమిల్లి, అరకు ఘాట్ రోడ్ల మీద రోజూ బస్సులెక్కే ప్రయాణికుల భద్రత ఇదే పటం మీద ఆధారపడి ఉంది. బస్సు పడిపోతుందా లేదా అన్న ప్రశ్నను అదే దారంతో తేల్చవచ్చు: సమతలమైన రోడ్డుపై బస్సు గరిమనాభి, అంటే మొత్తం భారం కేంద్రీకృతమైనట్టు భావించే బిందువు గుండా, వేలాడే దారానికి సమాంతరంగా కిందికి ఒక గీత గీస్తే, అది వెలుపలి చక్రాల లోపల నేలను తాకినంత వరకు బస్సు నిలబడుతుంది, వాటిని దాటి బయట తాకితే బోల్తాపడుతుంది. చక్రాల మధ్య దూరంలో సగం 1 మీటరు, గరిమనాభి ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే, టైర్లు జారకుండా పట్టు ఉన్నంతలో, 50 మీటర్ల వ్యాసార్థపు మలుపులో ఆ హద్దు గంటకు సుమారు 65 కిలోమీటర్ల దగ్గర ఎదురవుతుంది. బస్సు పైకప్పు మీద సామాన్లు, మనుషులు ఎక్కి గరిమనాభి 1.8 మీటర్లకు పెరిగితే అదే హద్దు 59 కిలోమీటర్లకు దిగుతుంది. వ్యాసార్థం 25 మీటర్లే ఉన్న ఇరుకు మలుపులో, పైన బరువేమీ లేకపోయినా, అది 46 దగ్గరే వచ్చేస్తుంది. స్ప్రింగుల మీద బస్సు శరీరం ఒరగడం వల్ల అసలు హద్దు ఇంకా ముందే వస్తుంది. ఈ లెక్క చేయగల పౌరుడు పైకప్పు ప్రయాణాన్ని సాహసంగా చూడడు.

రోడ్డు వేసే ఇంజనీరు చేతిలోనూ ఇదే పటం ఉంటుంది. మలుపులో రోడ్డు వెలుపలి అంచును ఎత్తుగా కట్టడాన్ని సూపర్ ఎలివేషన్ అంటారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం ఆ వాలు, టైర్లకు రోడ్డుకు మధ్య పక్కవాటు ఘర్షణ గుణకం కలిసి, గంటకు కిలోమీటర్లలో కొలిచిన వేగ వర్గాన్ని 127తోను వ్యాసార్థంతోను భాగించగా వచ్చే విలువకు సమానం కావాలి. ఆ 127 ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, గురుత్వ త్వరణం 9.8ని, కిలోమీటర్లను మీటర్లుగా మార్చే 3.6 వర్గంతో గుణిస్తే వచ్చినదే. 36 కిలోమీటర్లకు, 50 మీటర్లకు లెక్క వేస్తే వచ్చేది 0.204, అంటే వేలాడే దారం చూపిన టాంజెంట్ విలువే. మైదానాల్లో వాలుకు 0.07, ఘర్షణకు 0.15 గరిష్ఠ పరిమితులు కనుక మొత్తం 0.22 దాటకూడదు, ఈ మలుపులో ఆ బస్సు హద్దుకు అతి చేరువలో ప్రయాణిస్తోందని దారం ముందే చెప్పింది. అంచు ఎత్తిన రోడ్డుపైన కూడా త్వరణం క్షితిజ సమాంతరంగానే ఉంటుంది, వాలు వెంట ఉండదు; వాలు 0.07 ఉంటే బస్సు నేలే 4 డిగ్రీలు ఒరుగుతుంది కనుక, నేలకు లంబంగా ఉన్న గీత నుంచి దారం ఒరిగే కోణం దాదాపు 7.5 డిగ్రీలకు తగ్గుతుంది. ఈ భేదాన్ని పటంలో గీయలేని విద్యార్థి రేపు ఇంజనీరై ఘాట్ రోడ్డు మలుపును రూపొందిస్తే, ఆ బాధ్యతలో అతడికి మార్కులిచ్చినవారి వాటా లేదా?

దీనికి సమాధానంగా వినిపించే వాదనలు తెలియనివి కావు. రాష్ట్ర స్థాయి ప్రవేశపరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, అంటే ఒక్కో బిట్‌కు సగటున దాదాపు 68 సెకన్లు మాత్రమే దక్కుతాయి కనుక, పటం గీసే వ్యవధి ఎక్కడిదన్నది మొదటి వాదన. పటం అలవాటైనవాడికి రెండు బాణాలు గీయడానికి పది సెకన్లు చాలు. అలవాటు కానివాడు నాలుగు సూత్రాల్లో ఏది వర్తిస్తుందో తేల్చుకోలేక కోల్పోయే సమయం అంతకన్నా చాలా ఎక్కువ. బిట్ల పరీక్షలో పటాన్ని పరీక్షించలేమన్నది రెండో వాదన. నాలుగు ఐచ్ఛికాలుగా నాలుగు పటాలిచ్చి, వీటిలో భూమికి సాపేక్షంగా సరైనది ఏది, బస్సుకు సాపేక్షంగా సరైనది ఏది అని అడగడానికి అడ్డేముంది? పైన వివరించిన తప్పుడు పటాలు మూడూ భూమికి సాపేక్షంగా అడిగే ప్రశ్నకు తప్పు ఐచ్ఛికాలుగా అక్షరాలా సిద్ధంగానే ఉన్నాయి. లక్షల జవాబుపత్రాల్లో పటాలను దిద్దడం సాధ్యం కాదన్నది మూడో వాదన. బాణాల సంఖ్య, వాటి దిశ, ప్రతి బాణం పక్కన దాన్ని ప్రయోగించే వస్తువు పేరు, పటం పైన చట్రం పేరు అనే నాలుగు అంశాలను చూడడానికి, పేజీన్నర వివరణ చదవడానికి పట్టేంత సమయం పట్టదు.

అందువల్ల మీ ముందు కొన్ని స్పష్టమైన కోరికలు ఉంచవలసి వస్తోంది. గతిశాస్త్రంలో బలాలతో ముడిపడిన ప్రతి దీర్ఘ సమాధాన ప్రశ్నలోనూ స్వేచ్ఛా వస్తు పటాన్ని విడిగా అడగాలి, మార్కుల్లో కనీసం మూడో వంతు దానికే కేటాయించాలి. పటం తప్పుగా ఉండి అంకె సరిగా వచ్చిన జవాబుకు పూర్తి మార్కులు ఇవ్వరాదని, పటం సరిగా ఉండి గుణకారంలో పొరపాటు జరిగిన జవాబుకు పెద్ద భాగం దక్కాలని మూల్యాంకన సూచనల్లో రాయాలి. పాఠ్యపుస్తకాల్లోను, స్టడీ మెటీరియల్‌లోను నిజమైన బలాలను గట్టి గీతతో, మిథ్యా బలాలను తెగిన గీతతో చూపాలి. త్వరణాన్ని బలాల బాణాలతో కలపకుండా పక్కన వేరుగా గీయాలి. ఏ బొమ్మలోనూ అభికేంద్ర బలాన్ని తన్యత సరసన మూడో బాణంగా అచ్చువేయరాదు. ప్రాక్టికల్స్‌లో భాగంగా ఒక దారం, ఒక ఇనుప నట్టు, ఒక కోణమానిని ఇచ్చి, బస్సులో వెళ్తూ మలుపులో దారం ఒరిగిన కోణాన్ని కొలిచి పటంతో సహా రాసుకురమ్మనాలి. ఇందుకు ప్రయోగశాల గాని, అదనపు ఖర్చు గాని అవసరం లేదు.

అన్నింటికీ మించి, ప్రతి బాణం దగ్గరా ఒకే ప్రశ్న వేయించడం తరగతి గదిలో నియమం కావాలి: ఈ బలాన్ని ప్రయోగిస్తున్న వస్తువు ఏది? పేరు చెప్పగలిగితే ఆ బాణం నేల చట్రపు పటంలో ఉండాలి, చెప్పలేకపోతే కొట్టేయాలి లేదా తాను త్వరణం గల చట్రంలో ఉన్నానని విద్యార్థి ప్రకటించాలి. ఈ నియమం లోలకానికి, లిఫ్టుకు, వాలుతలానికి, ఉపగ్రహానికి ఒకేలా వర్తిస్తుంది. దీన్ని నేర్చుకున్నవాడు ఎవరైనా ఒక బలం పేరు చెప్పగానే దాని మూలం ఏదని అడగడం నేర్చుకుంటాడు. ఆధారం అడగకుండా దేన్నీ ఒప్పుకోని ఆ బుద్ధి ఇంజనీరుకు, వైద్యుడికి, ఓటు వేసే పౌరుడికి కూడా కావలసిందే.

విద్యార్థి ఏది చదవాలో పాఠ్యప్రణాళిక కన్నా ప్రశ్నపత్రమే బలంగా నిర్ణయిస్తుందని మీకు తెలియనిది కాదు. మీరు అడిగినదాన్ని కళాశాలలు నేర్పుతాయి, మీరు అడగనిదాన్ని వదిలేస్తాయి. సూత్రాన్ని అడిగినంత కాలం సూత్రాన్నే వల్లె వేయిస్తాయి. పటాన్ని అడిగిన ఏడాది నుంచే పటాన్ని గీయిస్తాయి. ఈ మార్పుకు కొత్త చట్టం గాని, కొత్త నిధులు గాని అవసరం లేదు, మీరు తయారుచేసే ప్రశ్నలో ఒక వాక్యం, మీరు పంపే మూల్యాంకన సూచనల్లో మరో వాక్యం చేరితే చాలు. రానున్న ప్రశ్నపత్రంలోనే ఆ రెండు వాక్యాలు కనిపించాలని విద్యార్థుల పక్షాన, వారి తల్లిదండ్రుల పక్షాన, ఘాట్ రోడ్ల మీద ప్రయాణించే ప్రజల పక్షాన ఈ లేఖ మిమ్మల్ని కోరుతోంది.


భౌతికశాస్త్ర బోధన శ్రేయోభిలాషి